దువ్వెన ఎవరు తీశారు?

మా పిన్ని కువైట్ నుంచి వచ్చేసిన వేసవిలో నేను ఇంటర్ పరీక్షలు రాసేసి ఇంట్లో ఖాళీగా ఉన్నాను. రెండువేల సంవత్సరం దాటిన తొలినాళ్ల మాట. అమలాపురం నుంచి ఉప్పలగుప్తం వెళ్లే దారిలో మాదొక చిన్న ఊరు. నాన్న రొయ్యల చెరువుల మీద పనిచేసేవారు. అమ్మ ఇంటిపని అయ్యాక, మధ్యాహ్నాలు అరుగు మీద కూర్చుని కొబ్బరాకుల ఈనెలు తీసి చీపుర్లు కట్టేది. పిన్ని అమ్మకు సొంత చెల్లెలు. పిల్లలు లేరు. బాబాయి చిన్నవయసులోనే పోతే, ఊళ్లో మరికొందరు ఆడవాళ్లతో పాటు తనూ ఇంటిపనికి కువైట్ వెళ్లింది.

హైదరాబాదు నుంచి వచ్చే బస్సు రావులపాలెంలో దింపుతుంది కాబట్టి నాన్న అక్కడికి వెళ్లి తీసుకొచ్చారు. ఆటో దిగగానే అమ్మ ఎదురెళ్లి పిన్నిని వాటేసుకుని ఏడ్చేసింది. పిన్ని ఏడవలేదు. అమ్మ భుజం మీంచి ఆటోలోకే చూస్తూ, "బావగారూ, నా చేతిసంచి దింపేరా? ఎక్కడన్నా ఒదిలేసేనేమో ఒకసారి చూడండి" అంది. సంచి ఆమె భుజానికే వేలాడుతోంది.

నాన్న నవ్వి, "అదిగో, నీ దగ్గరే ఉందమ్మా" అన్నారు. పిన్ని సంచిని చేత్తో తడిమి చూసుకుంది. నవ్వలేదు.

పెట్టె తెరిచినప్పుడు సబ్బులు, సెంటుసీసా, పళ్లరసం పొడి డబ్బా, అమ్మకు మెత్తటి దుప్పటి, నాన్నకు టార్చిలైటు వచ్చాయి. అడుగున బట్టల మధ్య ఒక లావుపాటి ఇంగ్లీషు పుస్తకం ఉంది. నల్ల అట్ట. దాని మీద ఒక అమ్మాయి ముఖం, సగమే. మిగతా సగం ఎవరో రబ్బరుతో చెరిపేసినట్టుంది.

"ఇది నీకేనే అమ్మడూ. మా అక్క కూతురు ఇంగ్లీషులో చదువుతోందని ఎప్పుడో చెప్పేను. నేను పనిచేసిన ఇంటి పెద్దపిల్ల గుర్తెట్టుకుని, నేను వచ్చేసే రోజున ఇచ్చింది. దానికీ నీ వయసే ఉంటుంది" అంది పిన్ని.

అప్పటివరకూ నేను చదివినవి అమలాపురం అద్దె పుస్తకాల షాపులో తెచ్చుకున్న తెలుగు నవలలు. వాటిలో మొదటి పేజీల్లోనే ఒక శవం దొరికేది, చివర్లో హంతకుడు దొరికేవాడు. ఇంగ్లీషులో పాఠ్యపుస్తకాలు తప్ప ఇంకేమీ ఎరగను. పదో తరగతి దాకా తెలుగు మీడియంలో చదివినదాన్ని. డిక్షనరీ పక్కన పెట్టుకుని మొదలుపెడితే మొదటి పేజీకే పొద్దంతా గడిచిపోయింది. తర్వాత తెలియని మాటల్ని దాటుకుంటూ పోవడం అలవాటు చేసుకున్నాను. దాటిపోయినా కథ తెలుస్తూనే ఉండేది.

తల్లి పోయిన ఒక అమ్మాయి. ఓడల్లో పనిచేసే తండ్రి ఆమెను తన దూరపు బంధువు ఒకావిడ ఇంట్లో ఉంచి వెళ్లిపోతాడు. చలిదేశం, సరస్సు పక్కన పెద్ద ఇల్లు. ఆవిడ చాలా మంచిది. రోజూ సాయంత్రం వేడిపాలు కలిపి ఇస్తుంది, జడ వేస్తుంది, ఒక్కమాట కూడా గట్టిగా అనదు. కానీ ఆ ఇంట్లో అమ్మాయి వస్తువులు ఒకచోట పెడితే ఇంకోచోట ఉంటాయి. బూట్లు, స్కూలు పుస్తకాలు, తల్లి ఫోటో. అడిగితే ఆవిడ జాలిగా చూసి, నువ్వే పెట్టావు కదమ్మా, మర్చిపోయావా, అంటుంది.

సగం చదివినా శవం రాలేదు. దెయ్యం లేదు, కత్తి లేదు. అయినా పట్టపగలు, వీధిలో జనం తిరుగుతుండగా, అరుగు మీద కూర్చుని చదువుతుంటే నా అరచేతులకు చెమట పట్టేది. పాలగ్లాసు మాట వచ్చినప్పుడల్లా పుస్తకం మూసేసి కాసేపు వీధిలోకి చూసేదాన్ని. వెనక అట్ట మీద ఇది నా వయసు పిల్లల కోసం రాసిన పుస్తకమని ఉంది. పిల్లల కోసం ఇలాంటివి కూడా రాస్తారా అని ఆశ్చర్యంగా ఉండేది.

ఇంట్లో పిన్ని సంగతి వేరుగా నడుస్తోంది. కువైట్ వెళ్లకముందు ఆమె జ్ఞాపకశక్తి గురించి ఊరంతా చెప్పుకునేవారు. ఎవరింట పెళ్లయినా వంటల దగ్గర పిన్ని ఉండాల్సిందే. పదిళ్ల నుంచి తెచ్చిన గిన్నెలూ గరిటెలూ పెళ్లయ్యాక ఎవరివి వారికి పంపించేది. ఒక్కదాని మీదా పేరు చెక్కి ఉండేది కాదు. అలాంటి మనిషి ఇప్పుడు పొయ్యి ముందు నిలబడి, "అక్కా, పులుసులో ఉప్పేసేనా? నువ్వు చూసేవా?" అని అడుగుతోంది. తలుపు గడియ పెట్టి, నాలుగడుగులు వేసి, మళ్లీ వెనక్కి వెళ్లి చూస్తోంది. అమ్మ మామూలుగా, "అట్లకాడ ఎక్కడుందే?" అని అరిస్తే చాలు, పిన్ని ముఖం పాలిపోయేది. "నేను తియ్యలేదక్కా" అనేది. కాసేపాగి, "తీసేనేమో" అనేది.

నాన్న ఆమెను అమలాపురంలో డాక్టరు గారికి చూపించారు. నీరసమండీ, నీళ్లు మారాయి కదా, కొన్నాళ్లకు సర్దుకుంటుంది అని బలానికి మాత్రలు రాసిచ్చారాయన. అమ్మ చెల్లెల్ని కూర్చోబెట్టి చూసుకోవడం మొదలుపెట్టింది. "నువ్వేం చెయ్యకు. ఎంత కష్టపడ్డావో ఏటో. కూర్చో" అనేది. వంటింట్లోకి రానిచ్చేది కాదు. పిన్ని ఎదురు చెప్పేది కాదు. అరుగు మీద అమ్మ పక్కన కూర్చుని ఈనెలు తీసేది. ఆ ఒక్కపనీ ఎవర్నీ అడక్కుండా చేసేది.

ఒక మధ్యాహ్నం అమ్మే అడిగింది. "ఏముందే ఆ పుస్తకంలో, అన్నం కూడా మానేసి చదూతున్నావు? మాకూ చెప్పచ్చుగా."

అలా మొదలైంది. పొద్దున్న చదివింది మధ్యాహ్నం తెలుగులో చెప్పేదాన్ని. ఇంగ్లీషు పేర్లు అమ్మకు నోరు తిరగక, "ఆ పిల్ల", "ఆవిడ" అనే పెట్టుకున్నాం. అమ్మ ప్రతిదానికీ అడ్డుపడేది. "వాళ్ల నాన్నకి ఉత్తరం రాయొచ్చుగా?" అనేది. రాసిందమ్మా, పోస్టు చెయ్యమని ఆవిడకే ఇచ్చింది, జవాబు రాలేదు అంటే, "అదా సంగతి!" అని ఈనెను నేలకేసి కొట్టేది. ఇంకో రోజు, "నిజంగానే ఆ పిల్లకి మతి లేదేమోనే. ఆవిడ అంత బాగా చూస్తుంటే" అంది. నాకూ అదే అనుమానం. రాసినవాళ్లు మమ్మల్ని అక్కడే ఆపి ఉంచారు. పుస్తకంలో కథ చెబుతున్నది ఆ పిల్లే, ఆ పిల్ల మాటే నమ్మాలో వద్దో తెలియదు.

పిన్ని ఏమీ అనేది కాదు. వింటోందో లేదో కూడా తెలిసేది కాదు.

దువ్వెన సంగతి వచ్చిన రోజు గుర్తుంది. కథలో ఆ పిల్ల రాత్రి తల దువ్వుకుని, దువ్వెనను సొరుగులో పెట్టి, సొరుగు మూసి, మూశాను అని పైకి అనుకుని మరీ పడుకుంటుంది. పొద్దున్న చూస్తే దువ్వెన వంటింట్లో రొట్టెల డబ్బాలో ఉంటుంది. ఆవిడ చిన్నగా నవ్వి, తల నిమిరి, భయపడకు, నేనెవరికీ చెప్పను, అంటుంది.

"ఆవిడే పెట్టింది" అంది పిన్ని.

ఇద్దరం తలెత్తి చూశాం. పిన్ని చేతిలో ఈనె సగం చీల్చి ఆగిపోయింది.

"ఇంకా అక్కడిదాకా రాలేదు పిన్నీ. ఎవరు తీశారో తెలీదు" అన్నాను.

"తెలీకపోడానికేముందే? ఆవిడే తీసి, ఆవిడే పెట్టింది."

"ఆవిడకేం పని? ఆ పిల్లే మతిలేక..." అని అమ్మ అంటుండగానే పిన్ని ఈనెను కింద పెట్టేసింది.

"లేదక్కా. ఆ పిల్ల మతి బాగానే ఉంది" అని లేచి లోపలికి వెళ్లిపోయింది.

మర్నాడు పొద్దున్నే, నేను పళ్లు తోముకుంటుండగా పిన్ని నూతి దగ్గరకొచ్చి నిలబడింది. "ఇవాళ ఎక్కువ చదవ్వే అమ్మడూ. ఆ పిల్ల ఏం చేస్తాదో చూడు" అంది. వచ్చిన తర్వాత ఆమె నన్ను ఏదైనా అడగడం అదే మొదటిసారి. ఆ పూట డిక్షనరీ ముట్టుకోలేదు. ఏకబిగిన చదివాను.

మధ్యాహ్నం చెప్పాను. ఆ పిల్ల ఒక ఉపాయం చేస్తుంది. పక్కింట్లో పడవలు బాగుచేసే ముసలాయన ఉంటాడు. తన చేతి గడియారం తీసి ఆయనకిచ్చి, దాచిపెట్టమని, ఎవరికీ చెప్పొద్దని అడుగుతుంది. ఇంటికొచ్చి, నా గడియారం కనిపించడం లేదు అంటుంది. ఆవిడ కొంచెం కూడా తడుముకోకుండా, నిన్న నువ్వే కిటికీలోంచి సరస్సులోకి విసిరేశావు కదా తల్లీ, నా కళ్లతో చూశాను, అంటుంది. ఆ పిల్ల పాలు తాగేసి తన గదిలోకి పోయి మంచం మీద కూర్చుంటుంది. అన్నాళ్లూ తనను చూసి తనే భయపడింది. ఆ క్షణం నుంచి తనంటే భయం పోయింది. ఆవిడంటే పట్టుకుంది.

అమ్మ "ఓరి దీని దుంపతెగ!" అంది.

పిన్ని, "మళ్లీ చెప్పు" అంది. గడియారం ఇచ్చిన దగ్గర్నుంచి మళ్లీ చెప్పాను. అప్పుడు, ఎవరో అడిగినదానికి జవాబు చెబుతున్నట్టుగా, "ఇస్త్రీపెట్టె నేను ఆపేనక్కా" అంది.

"ఏ ఇస్త్రీపెట్టె?"

"అక్కడ. కువైట్‌లో. ఆపేసి, వైరు చుట్టి, బీరువా మీద పెట్టేను. నాకు బాగా గుర్తు. కాసేపయ్యాక మేడం పిలిచింది. వెళ్లి చూస్తే బల్ల మీద ఉంది, కింద సారుగారి చొక్కా కాలిపోయి పొగొస్తోంది. తిట్టలేదు. తిడితే బాగుండును. పాపం, నీకు మతి పోతోంది అంది."

అలాంటివి ఒకటి తర్వాత ఒకటి చెప్పుకుంటూ పోయింది. మేడం ఉంగరం పిండిడబ్బాలో దొరకడం. చంటిపిల్లకి పాలు పట్టేశాక, పట్టలేదని మేడం అనడం. ఏదీ పెద్ద గొంతుతో జరగలేదు. అన్నీ నవ్వుతూ, జాలిపడుతూ. పిన్ని కూడా ఏడవకుండా, ఊళ్లో ఎవరి గురించో చెబుతున్నట్టు చెప్పింది.

"ఎందుకు చేసిందంటావే?" అని అడిగింది అమ్మ.

"గడువైపోయింది, ఇంటికెళ్లిపోతానన్నాను. అప్పట్నుంచే. ఈ మతితో మీ ఊరెళ్లి ఏం చేస్తావు, మా దగ్గరుంటే మేం చూసుకుంటాం అనేది. నిజమే గదా అనుకున్నాను. ఆవిడ మంచిదే అనుకున్నానక్కా. నిన్నటిదాకా అదే అనుకున్నాను."

"ఫోన్ చేసినప్పుడు ఒక్కముక్కన్నా చెప్పలేదేం?"

"ఏమని చెప్పను? నాకు పిచ్చెక్కుతోందని చెప్పనా? బాగున్నాను, మీరెలా ఉన్నారు అనేదాన్ని. అంతలో ఫోన్ కార్డులో నిమిషాలు అయిపోయేవి."

అమ్మ చెల్లెలి చెయ్యి తీసుకుని ఒళ్లో పెట్టుకుంది. నేనే అడిగాను, మరి ఎలా పంపించారని.

"ఒక రోజు సారుగారు టిక్కెట్టు, పాస్‌పోర్టు తెచ్చి చేతిలో పెట్టేరు. మేడం ఆ రోజు గదిలోంచి బయటికే రాలేదు. ఎందుకో నాకు తెలీదు. నేనడగలేదు." పిన్ని ఆగి, అరుగు మీద బోర్లా పెట్టిన పుస్తకం వైపు చూసింది. "ఆ పెద్దపిల్ల ఇది తెచ్చి పెట్టెలో తనే పెట్టింది. నాకు ఇంగ్లీషు రాదని దానికి తెలుసు. మీ అమ్మాయితో చదివించుకో, నువ్వూ విను అంది అరబ్బీలో. ఊరికే అందనుకున్నాను."

ఆ పెద్దపిల్లే మేడం సంగతి వాళ్ల నాన్నకు చెప్పి ఉంటుందని అమ్మ అప్పుడే తేల్చేసింది. ఇప్పటికీ అదే అంటుంది. నాకు అంత నమ్మకంగా చెప్పడం రాదు. పుస్తకం నచ్చి ఇచ్చిందేమో. ఇచ్చేటప్పుడు ఆ పిల్ల ముఖం ఎలా ఉందని చాలాసార్లు అడిగాను. పిన్ని ఎప్పుడూ ఒకటే చెప్పేది. "తొందరగా పెట్టేసి వెళ్లిపోయింది."

రెండు మూడు రోజుల తర్వాత పిన్ని నన్ను పిలిచి, తను అరుగు మీద గోడకానుకుని, వంటింటికి వీపు పెట్టి కూర్చుంది. "నేను ఒక్కోటీ ఎక్కడుందో చెప్తాను. నువ్వెళ్లి చూసిరా. అబద్ధం చెప్పకు" అంది.

"ఇంగువ డబ్బా?" అన్నాను.

"పై అలమారలో, పసుపు వెనకాల."

పరుగెత్తి చూశాను. ఉంది. అట్లకాడ మేకుకు, జల్లెడ బియ్యం డబ్బా మీద, పాత కత్తిపీట తలుపు మూల. అమ్మ కూడా చేతిలో పని వదిలేసి వచ్చి ద్వారం దగ్గర నిలబడింది. పిన్ని చెబుతూనే ఉంది, నేను అటూ ఇటూ పరుగెడుతూనే ఉన్నాను. వంటింట్లోకి పెద్దగా అడుగుపెట్టనివ్వని ఆ రోజుల్లోనే ఇవన్నీ ఎప్పుడు చూసి పెట్టుకుందో. చివరికి, "మెంతుల సీసా కిటికీలో" అంది. చూస్తే కిటికీలో లేదు.

"లేదు పిన్నీ" అన్నాను.

పిన్ని వెనక్కి తిరగలేదు. కానీ మెడ బిగుసుకుపోవడం కనిపించింది. అమ్మ గబగబా ముందుకొచ్చి, "నేను తీసేనే! పొద్దున్న ఎండ తగుల్తోందని నేనే తీసి గూట్లో పెట్టేను. ఇదిగో, ఇక్కడుంది" అని సీసా తెచ్చి ఆమె ఒళ్లో పెట్టింది.

పిన్ని సీసా పట్టుకుని నవ్వడం మొదలుపెట్టింది. నవ్వి నవ్వి కళ్లంట నీళ్లు కారుతుంటే పమిటతో తుడుచుకుంది. అదే సమయానికి చెరువుల మీంచి వచ్చిన నాన్న గుమ్మంలో చెప్పులు విప్పుతూ, "ఏమైందర్రా?" అన్నారు.

"ఏం లేదండి బావగారూ. మా అక్కకే మతిమరుపొచ్చింది" అంది పిన్ని.

ఆ సాయంత్రం పిన్ని పులుసు పెట్టింది. అమ్మ వంటింటి వైపు వెళ్లకుండా అరుగు మీదే ఉండిపోయింది. ఉప్పు సరిపోయిందా అని పిన్ని అడగలేదు. కొంచెం తక్కువైంది. ఎవరం చెప్పలేదు. నాన్న మాత్రం మారడిగి వేయించుకుని తిని, "ఉప్పు చాల్లేదమ్మా" అన్నారు మామూలుగా. "ఆయ్, తక్కువే పడింది" అని పిన్ని ఉప్పుగిన్నె అందించింది. అంతే.

పుస్తకం ముగింపు మా ఇంట్లో ఎవరికీ నచ్చలేదు. చివర్లో తండ్రి వస్తాడు, నిజం బయటపడుతుంది, ఆవిడ పారిపోతూ గడ్డకట్టిన సరస్సు మీద మంచు పగిలి మునిగిపోతుంది. అమ్మ పోలీసులు పట్టుకెళ్లి ఉండాల్సిందంది. పిన్ని మాత్రం, "చావకుండా ఉండాల్సింది" అంది. "బతికుండి, నేనే తీసేను, నీకేం మతిపోలేదు అని ఆ పిల్లతో ఒక్కసారి అంటే చాలు. ఇప్పుడా మాట ఎవరంటారు దానికి?" నేను ముగింపు మార్చి చెప్పి ఉండాల్సిందేమో అనిపించింది. కానీ పిన్నికి ఇంగ్లీషు రాకపోయినా, మార్చి చెబితే పట్టేసేది.

ఆ ఒక్క పుస్తకంతో అంతా బాగైపోయిందని చెప్పలేను. తలుపు గడియ దగ్గరకు మళ్లీ వెళ్లి చూడటం పిన్నికి ఇంకా కొన్నేళ్లు పోలేదు. ఒక్కోరోజు ఏ కారణమూ లేకుండా మాట్లాడటం మానేసేది. అప్పుడు అమ్మ ఏదో పని కల్పించి అప్పగించేది, కూర్చోమనేది కాదు. మెల్లగా ఊళ్లో శుభకార్యాలకు పిలుపులు వచ్చాయి. మొదట ఒకటి రెండు ఇళ్లకు అమ్మను తోడు తీసుకెళ్లింది, తర్వాత ఒక్కతే వెళ్లింది. నేను డిగ్రీ రెండో ఏడాదికి వచ్చేసరికి చెరువుల మీద పనిచేసే వాళ్లకు పిన్నే వండిపెట్టడం మొదలుపెట్టింది. పొద్దున్నే నాన్న సైకిలుకు క్యారియర్లు కట్టించేది.

నేను డిగ్రీలో ఇంగ్లీషు తీసుకున్నాను. అలాంటి నవలలు తర్వాత చాలా చదివాను. వాటిలో చాలావరకు తెలివైనవి, మలుపులు ఊహించలేనివి. చదివి పక్కన పెట్టేశాను. ఆ నల్ల అట్ట పుస్తకాన్ని కాలేజీలో ఒక స్నేహితురాలికి ఇస్తే, ఆమె బండారులంకలో తన అక్కకిచ్చింది, అక్కడి నుంచి ఎటు పోయిందో తిరిగి రాలేదు. పిన్నికి ఆ సంగతి చెప్పడానికి భయపడ్డాను. ఆమె, "పోనీలే, ఎవరో ఒకరు చదూతారు" అంది.

ఊళ్లోంచి గల్ఫ్ వెళ్లేవాళ్లు అప్పటికీ వెళుతూనే ఉన్నారు. ఒకసారి నేను సెలవులకు ఇంట్లో ఉండగా, మస్కట్ వెళ్లబోతున్న ఒక అమ్మాయి తల్లితో కలిసి పిన్ని దగ్గరకు వచ్చింది. ఏమేం పట్టుకెళ్లాలి, అక్కడ చలి ఉంటుందా, అని అడుగుతున్నారు. పిన్ని అన్నీ ఓపికగా చెప్పింది. అక్కడ మంచివాళ్లు కూడా ఉంటారని, తనతో వెళ్లిన వాళ్లలో చాలామంది సుఖంగానే ఉన్నారని చెప్పింది. తర్వాత తల్లి వైపు తిరిగింది.

"వదినా, ఫోన్ చేసినప్పుడు బాగున్నానంటే అక్కడితో ఒదిలెయ్యకు. ఏం వండేవు, ఏం పని చేసేవు, వాళ్లేమన్నారు అని అడుగు. చిన్న చిన్నవి అడుగు. నువ్వూ చెప్పాలమ్మాయ్. సిగ్గుపడకు. పనికిమాలిన విషయం అనిపించినా సరే, మీ అమ్మకి చెప్పు."

"ఆయ్, అలాగేనండి" అంది ఆ అమ్మాయి. ఎందుకో అర్థమైనట్టు లేదు.

పిన్ని లోపలికెళ్లి రెండు కంచాలు కడిగి తెచ్చి, భోజనం వేళయింది, తినే వెళ్లాలని ఇద్దర్నీ కూర్చోబెట్టింది.